మధ్యలో నాయనమ్మ గొంతు

ఆదివారం తొమ్మిదింటికల్లా ఇంట్లో అందరి తలంట్లూ అయిపోవాలని నాయనమ్మ నియమం. తొమ్మిదిన్నరకి రాముడొస్తాడు మరి. కుంకుడురసం కళ్ళలో పడి నేను గోల పెడుతున్నా వదిలేది కాదు. "ఊరుకోవే, అయోధ్యకి వెళ్తూ ఏడుస్తారా ఎవరైనా" అంటూ ఇంకో చెంబు గుమ్మరించేది.

తెనాలి పక్క పల్లెటూళ్ళో మాది పెంకుటిల్లు. ముందుగదిలో చెక్క తలుపుల పెట్టెలో ఈసీ టీవీ ఉండేది. హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్ళు చేసిన బ్లాక్ అండ్ వైట్ సెట్టు. దాని మీద నాయనమ్మ అల్లిన లేసు గుడ్డ, ఆదివారం మాత్రం ఆ గుడ్డ మీద రెండు మందారాలు. వీధిలో సగం మంది మా గదిలోనే ఉండేవాళ్ళు. మగవాళ్ళు గోడలకి ఆనుకుని, ఆడవాళ్ళు చాప మీద, పిల్లలం టీవీకి మరీ దగ్గరగా. అమ్మ ఒక్కతే ఆ గదిలో ఉండేది కాదు. అంతమందికీ కాఫీలు, పిల్లలకి ఉప్మా, ఆపైన మధ్యాహ్నం వంట. రామాయణం నడిచినంతసేపూ ఆమె వంటింట్లోనే.

దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై, 1988 జూలై 31న 78వ భాగంతో ముగిసింది. అప్పటికి మా గదిలో హిందీ వచ్చినవాడు బాబాయి ఒక్కడే. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షల్లో రాష్ట్రభాష దాకా ప్యాసయ్యాడు. పేర్లు పడుతున్నప్పుడు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. మూలగ్రంథాల పట్టీలో వాల్మీకి, తులసీదాసు, కంబడు అని చదువుతూ చదువుతూ ఒక వారం "మన రంగనాథ రామాయణం కూడా వేశాడమ్మా!" అని కేక పెట్టాడు. గోన బుద్ధారెడ్డి రాసిన ఆ ద్విపద ఎక్కడో గుజరాత్ సరిహద్దులో, ఉమ్మర్‌గావ్‌లో షూటింగు చేసుకుంటున్నవాళ్ళ దాకా వెళ్ళిందని నాయనమ్మ ఆ వారమంతా ఎదురైనవాళ్ళకల్లా చెప్పింది.

హిందీ రానివాళ్ళం అంతమందిమి ఆ కథను చూసింది బాబాయి అనువాదంతో కాదు. వాళ్ళేమంటున్నారో బాబాయి చెప్పేవాడు. ఏం జరుగుతోందో నాయనమ్మ చెప్పేది. రెండూ ఒకటి కావని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కైకేయి పడుకుని ఉంటే బాబాయి "రెండు వరాలు అడుగుతోంది" అనేవాడు. నాయనమ్మ అంతకు ముందే మొదలుపెట్టి, ఆ వరాలు ఏ యుద్ధంలో వచ్చాయో, రథం ఇరుసు సంగతేమిటో, మంథర పుట్టింటి నుంచి వెంట వచ్చిన దాసి అని, అలాంటిదాని మాట కైకకు ఎందుకంత తలకెక్కిందో చెప్పుకుంటూ పోయేది. వంటింట్లోంచి అమ్మ కేకేసేది. "కాస్త గట్టిగా చెప్పండత్తయ్యా, పోపులో వినపళ్ళా!" నాయనమ్మ గొంతు పెంచేది. గదిలో ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు.

అలా చెప్పడానికి ఆ సీరియల్‌లో చోటుండేది. ఇప్పుడు చూస్తే ఆ చోటు కొలిచినట్టు కనిపిస్తుంది. దశరథుడు ఒక మాట విని కుంగిపోతే కెమెరా ఆయన మొహం మీదే ఆగిపోతుంది. సభలోంచి వెళ్ళేవాడు నడిచి నడిచి గుమ్మం దాటేదాకా మనం చూస్తూనే ఉంటాం. మాటలు ఆగిన చోట రవీంద్ర జైన్ గొంతులో చౌపాయి మొదలవుతుంది. ఆ చౌపాయి పాడినంతసేపూ రాముడి వేషంలో అరుణ్ గోవిల్ ఊరికే చిరునవ్వుతో నిలబడి ఉంటాడు. రవీంద్ర జైన్ పుట్టుకతో చూపులేనివారు. బొమ్మను కళ్ళతో చూడలేని మనిషి ఆ బొమ్మకి ఎంత సేపు అవసరమో అంత సేపు ఇచ్చాడు. ఆ పాట నడిచేంత సేపులోనే నాయనమ్మ తన కథ చెప్పుకునేది.

పడవవాడి ఘట్టం వచ్చిన ఆదివారం నాకు బాగా గుర్తు. రాముణ్ణి గంగ దాటించాలి. పడవవాడు ముందు కాళ్ళు కడగనిమ్మంటాడు. ఆ పాదధూళి సోకి రాయి ఆడదైందట, తన పడవకీ అదే గతి పడితే బతుకు తెరువేమిటని. తెర మీద అతను హిందీలో బతిమాలుకుంటుంటే నాయనమ్మ ఇక్కడ మొల్ల పద్యం అందుకుంది. అదే సంగతి, మన కుమ్మరి మొల్ల చెప్పింది. రాగం పెద్దగా ఉండదు. రెండో పాదం చివర కాస్త సాగదీసి, మూడోది ఎత్తుకునేముందు ఊపిరి తీసుకునేది. పద్యం అయ్యాక ఆమెకొక సందేహం వచ్చింది. మన కథలో కాళ్ళు కడిగినవాడు గుహుడే. తెర మీద గుహుడు పక్కనే నిలబడి ఉన్నాడు, కడిగేవాడు వేరే. "వీణ్ణి ఇద్దర్ని చేశారేమిట్రా?" అంది. తులసీదాసు అలాగే రాశాడని బాబాయి చెప్పాడు. కాసేపు ఆలోచించి, "పోన్లే, ఇద్దరికీ పుణ్యం దక్కింది" అని ఒప్పుకుంది.

నాయనమ్మ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆమె కళ్ళలో రాముడంటే లవకుశలో ఎన్టీ రామారావు. రావణుడన్నా సీతారామకల్యాణంలో ఆయనే. మొదటి వారాల్లో అరుణ్ గోవిల్‌ని చూసి పెదవి విరిచింది. "పిల్లవాడు బాగానే ఉన్నాడు గానీ, రాముడా?" అంది. అరవింద్ త్రివేది రావణుడు నవ్వితే మాత్రం మొదటిరోజే "ఆఁ, వీడు సరే" అంది. గోవిల్‌ని ఒప్పుకోవడానికి అరణ్యవాసం దాకా ఆగింది. నారచీర కట్టి తండ్రికి దండం పెట్టి, వెనక్కి చూడకుండా నడుస్తున్నప్పుడు కళ్ళొత్తుకుంటూ "రాముడేనే" అంది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చినవాటిని ఆమె కాదంది పాతవాటి మీద మమకారంతో కాదు. కొత్త రాముణ్ణి ఒకసారి మనసులోకి తెచ్చుకున్న మనిషే ఆమె.

1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా మహాభారతం వచ్చింది. రవి చోప్రా దర్శకత్వం, రాహీ మాసూమ్ రజా మాటలు, 94 భాగాలు. కథను కాలమే చెబుతుంది అందులో. చీకట్లో తిరిగే చక్రం, హరీశ్ భిమానీ గొంతు. ఒక ముస్లిం రచయిత భారతం రాయడమేమిటని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి. మా గదిలో ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆయన పుట్టించిన పితాశ్రీ, మాతాశ్రీ అన్న మాటలు మాత్రం ఆ రెండేళ్ళూ మా బడిలో ప్రతి పిల్లవాడి నోటా ఆడాయి. భీముడు ప్రవీణ్ కుమార్ నిజంగానే డిస్కస్ విసిరేవాడని, 1966, 1970 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చాడని మా డ్రిల్లు మాస్టారు చెప్పినప్పుడు మాకు గదాయుద్ధం మీద నమ్మకం ఇంకా పెరిగింది.

జూదం ఘట్టం రోజు నాయనమ్మ చెప్పడం ఆపేసింది. ధర్మరాజు ఒక్కొక్కటే ఒడ్డుతున్నాడు. గూఫీ పేంటల్ శకుని అరచేతుల మధ్య పాచికలు రుద్దుతున్నాడు. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చాక రూపా గంగూలీ ఒక్కొక్క పెద్దమనిషినీ అడుగుతూ తిరిగింది. కెమెరా ముఖేష్ ఖన్నా భీష్ముడి వంచిన తల మీద ఆగింది. ఆ తల ఎంతకీ లేవదు. మా గదిలో నలభై మంది ఉన్నాం, చప్పుడు లేదు. చాలాసేపటికి వంటింట్లోంచి అమ్మ, చేతిలో గరిటె అలాగే ఉంది, గుమ్మంలోకి వచ్చి "ఏమైందత్తయ్యా?" అంది. నాయనమ్మ తల అడ్డంగా ఊపిందంతే. అమ్మ గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడి మిగతాదంతా చూసింది. నాకు తెలిసి ఆ రెండు సీరియళ్ళలోనూ ఆమె కళ్ళతో చూసిన ఘట్టం అదొక్కటే.

తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాయి. ఊళ్ళోకి కేబుల్ వచ్చింది, కలర్ టీవీ వచ్చింది, చాప పోయి సోఫా వచ్చింది. 2008 జనవరిలో ఎన్డీటీవీ ఇమాజిన్‌లో మళ్ళీ రామాయణం మొదలవుతోందని, తీస్తున్నది ఆ సాగర్ల ఇంటివాళ్ళేనని చదివి హైదరాబాదు నుంచి నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆ నెలాఖరుకి ఊరెళ్ళి పక్కన కూర్చుని చూశాను కూడా. రాముడు గుర్మీత్ చౌదరి, సీత దెబీనా బెనర్జీ, ఇద్దరూ చక్కగా ఉన్నారు. నగలు మెరుస్తున్నాయి, కోటలు మెరుస్తున్నాయి. కానీ ఒకరు ఒక మాట అంటే చాలు, గదిలో ఉన్న ప్రతి మొహం మీదికీ కెమెరా ఉరికేది, ప్రతి మొహానికీ ఒక ఉరుము. ఆ ఉరుముల మధ్య నాయనమ్మ రెండుసార్లు నోరు తెరిచి ఆగిపోయింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు. వయసు మీద పడింది కదా, ఓపిక లేదేమో అనుకున్నాను.

ఆ ఏడాది జూలైలోనే 9ఎక్స్ ఛానెల్లో ఏక్తా కపూర్ భారతం. దాని గురించి పెద్దగా చెప్పను. ద్రౌపది భుజం మీద పచ్చబొట్టు, జిమ్ముల్లో కండలు తీర్చిన పాండవులు. "యుద్ధానికి పోయేవాళ్ళు ఒంటి మీద ఏమీ వేసుకోరుటే?" అని నాయనమ్మ నిజంగానే బాధపడింది. కథ తెమలకుండానే కొన్ని నెలల్లో అది ఆగిపోయింది. చిన్నప్పుడు ప్రాణంగా చూసిన నీరజా గులేరీ చంద్రకాంతదీ అదే దారి. 1994లో వచ్చిన ఆ సీరియల్ కథను 2017లో రెండు ఛానెళ్ళు ఒకే ఏడాదిలో మళ్ళీ తీశాయి. రెండింట్లోనూ క్రూర్‌సింగ్ కోసం వెతికాను. పాతదాంట్లో ఆ వేషం వేసిన అఖిలేంద్ర మిశ్రా కనుబొమలంత భయపెట్టినది ఏదీ వాటిలో దొరకలేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది 2013 నాటి భారతం. అది చెడ్డ సీరియల్ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. సిద్ధార్థ్ కుమార్ తివారీ పెద్ద ఖర్చుతో, శ్రద్ధతో తీయించాడు. సౌరభ్ రాజ్ జైన్ కృష్ణుణ్ణి ఈనాటి పిల్లలు ఎంత ప్రేమించారో నాకు తెలుసు, మా అమ్మాయికి కృష్ణుడంటే ఇప్పటికీ అతనే. పైగా అది తెలుగులో వచ్చింది. నాకు ఆశ పుట్టింది అక్కడే. నాయనమ్మకి అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. చూపు బాగా తగ్గింది. బొమ్మ కనపడకపోయినా మాట వినపడుతుంది, బాబాయి అక్కర్లేదు, అర్థంకాని భాష బాధ లేదు, పుట్టి బుద్ధెరిగి ఇన్నాళ్ళకి టీవీలో భారతం ఆమె భాషలో మాట్లాడుతోంది అనుకున్నాను. దసరా సెలవులకి ఊళ్ళో ఉన్నాను. టీవీకి దగ్గరగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

గంగ కథ నడుస్తోంది. అష్టవసువుల శాపం. నాయనమ్మకి చాలా ఇష్టమైన భాగం. ఆవును దొంగిలించిన వసువు భార్య మాట దగ్గర్నుంచి చెప్పగలదు. నోరు తెరిచింది. డప్పులు మోగాయి. డప్పులు ఆగాయి, మళ్ళీ తెరిచింది. సన్నగా ఆలాపన ఒకటి మొదలై పెద్దదైపోయింది. అదీ అయ్యాక కృష్ణుడే వచ్చి మనవైపు తిరిగి ఈ కథలోంచి మనం తెలుసుకోవలసిందేమిటో నింపాదిగా చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత ప్రకటనలు. "ఇప్పుడు మాట్లాడిందెవరే?" అని అడిగింది. కృష్ణుడని చెప్పాను. "కృష్ణుడు ఇంకా పుట్టలేదుగా" అంది. తర్వాత ఏమీ అనలేదు. వారం రోజులు అలాగే కూర్చుంది. ఏడో రోజో ఎనిమిదో రోజో నేను చెయ్యి పట్టుకుని లేవదీయబోతే, "అంతా అతనే చెప్తున్నాడుగా, ఇక నేనెందుకే" అని అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది.

వంటింట్లో అమ్మ మిక్సీ వేసింది. ఆమె ఏమీ అడగలేదు. అడగడానికి ఇటువైపు నుంచి ఏ గొంతూ వినిపించడం లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. 1987లో మా ఊరికి ఉన్నది ఒక్క దూరదర్శన్. కెమెరా దశరథుడి మొహం మీద ఎంతసేపు నిలబడినా మేం వెళ్ళడానికి ఇంకో ఛానెల్ లేదు, మా చేతిలో రిమోట్ లేదు. వారానికొక్కసారి వచ్చేది, మధ్యలో ఆరు రోజులు ఆ కథ మా నోళ్ళలో నానేది. 2013లో దాదాపు రోజూ వచ్చేది, మొత్తం 267 భాగాలు, అర గంటలో ప్రకటనలు పోగా మిగిలింది కథకి. ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉంటే చూసేవాడి బొటనవేలు రిమోట్ మీదికి పోతుందన్న భయం తీసేవాళ్ళకి పగలూ రాత్రీ ఉంటుంది. అందుకని ఆ క్షణాన్ని డప్పుతోనో ఆలాపనతోనో ఉపన్యాసంతోనో నింపేస్తారు. వాళ్ళని తప్పు పట్టలేను. కానీ వాళ్ళు నింపేసిన ఆ క్షణాలే మా నాయనమ్మవి. కత్తి మెరుపూ కోట ఎత్తూ పెరిగాయి, పాత సీరియల్‌లో అట్ట ముక్కల్లా ఎదురెదురుగా వచ్చి ఢీకొన్న బాణాలు ఇప్పుడు నిప్పులు కక్కుతూ వచ్చాయి. ఇంట్లో మనిషి నోరు తెరవడానికి ఉన్న సందు మాత్రం మూసుకుపోయింది. అర్థంకాని హిందీలో మా ఇంటిదైన కథ, అర్థమయ్యే తెలుగులో పరాయిదైపోయింది.

హరికథ చెప్పే దాసుగారు చిడతలు ఆపి జనంలోకి చూస్తే జనం గోవింద కొడతారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఊళ్ళో మునసబు పేరెత్తి పిలుస్తాడు. మన కథలన్నీ ఎదుటివాళ్ళకి చోటు పెట్టుకునే పెరిగాయి. రామానంద్ సాగర్‌కి ఈ సంగతి తెలిసే చేశాడో, ఆనాటి నెమ్మది అలా చేయించిందో నేను చెప్పలేను. ఫలితం మా ముందుగదిలో చూశాను.

నాయనమ్మ 2016లో పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే ఆ తెర మీది మనుషులు కూడా వెళ్ళిపోయారు. మా రావణుడు అరవింద్ త్రివేది 2021లో, భీముడు ప్రవీణ్ కుమార్ మరుసటేడు, శకుని గూఫీ పేంటల్ 2023లో.

లాక్‌డౌన్ పెట్టిన నాలుగు రోజులకి, 2020 మార్చి 28న దూరదర్శన్ పాత రామాయణాన్ని మళ్ళీ వేయడం మొదలుపెట్టింది, పొద్దున తొమ్మిదికోసారి, రాత్రి తొమ్మిదికోసారి. ఏప్రిల్ 16న 7 కోట్ల 70 లక్షల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. హైదరాబాదులో మా ఫ్లాటులో చూసింది నలుగురం. నేను, మా ఆయన, పదేళ్ళ మా అమ్మాయి, ఫిబ్రవరిలో కంటి ఆపరేషన్ కోసం వచ్చి ఊరికి వెళ్ళలేకపోయిన అమ్మ. డెబ్బై దాటిన అమ్మ ఆ రామాయణాన్ని కుర్చీలో కూర్చుని చూడడం అదే మొదలు. దీపికా చిఖలియాని చూసి "సీత ఇంత చిన్నపిల్లా?" అంది. ముప్పై మూడేళ్ళుగా ఆమె మనసులో వేరే సీత ఉండి ఉంటుంది, గొంతుతో మాత్రమే కట్టిన సీత.

ఒక రాత్రి పడవవాడి ఘట్టం వచ్చింది. నీళ్ళు అంతే నెమ్మదిగా పారుతున్నాయి. పడవవాడు చేతులు జోడించి అడుగుతున్నాడు. మా అమ్మాయికి హిందీ వచ్చు, మాటలన్నీ అర్థమవుతున్నాయి. "రాయి ఎవరు మమ్మీ?" అని అడిగింది. అహల్య సంగతి చెప్పి, మొల్ల పద్యం ఎత్తుకున్నాను. మొదటి పాదం వచ్చింది. రెండోది చివర సాగదీశాను, నాయనమ్మ సాగదీసినట్టే. మూడో పాదం రాలేదు. తెర మీద రాముడి కాళ్ళు కడుగుతున్నారు. ఎంత తడుముకున్నా నాకు ఆ ఊపిరి తీసుకోవడమే గుర్తొస్తోంది, మాట గుర్తు రావడం లేదు.

నా వెనక కుర్చీలోంచి అమ్మ మూడో పాదం అందుకుంది. ఎప్పుడూ పద్యం పాడి ఎరగదు. గొంతు వణికింది. నాలుగో పాదానికి కొంచెం గట్టిగా అంది, పక్కగదిలో ఎవరికో వినపడాలన్నట్టు.